ఓస్లోలో ఒక్క రోజు: సముద్రయాన మ్యూజియంలలో దేనికి ఎంత సమయం ఇవ్వాలి?

స్వర్ణముఖి, తిరుపతి

సభ్యులందరికీ నమస్కారం. జూన్ చివరి వారంలో ఓస్లోలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడి దగ్గరికి వెళ్తున్నాం. నాతోపాటు నా భార్య, పదేళ్ల పాప, డెబ్బై దాటిన నాన్నగారు వస్తున్నారు. మిగిలిన రోజులకు తమ్ముడు కొండలు, ఫియోర్డ్‌లు అంటూ ఏర్పాట్లు చేసేశాడు గాని, ఒక్క రోజు మాత్రం పూర్తిగా మా చేతిలో ఉంది. ఆ రోజును బిగ్‌డోయ్ ద్వీపకల్పంలో ఉన్న సముద్రయాన మ్యూజియంలకే కేటాయించాలని నాన్నగారి కోరిక. ఆయన చిత్తూరు జిల్లా ఉన్నత పాఠశాలల్లో భూగోళం బోధించి పదవీ విరమణ చేశారు. ధ్రువయాత్రల పాఠం వచ్చినప్పుడల్లా గోడకు తగిలించిన ప్రపంచ పటం మీద బెత్తంతో ఓడల దారి చూపించిన మనిషి కాబట్టి, ఆ ఓడల్లో ఒకదాని మీద స్వయంగా అడుగుపెట్టాలని ఆయనకు చాలాకాలంగా ఉంది.

ఫ్రామ్ మ్యూజియం, కోన్‌టికి మ్యూజియం, నార్వే సముద్రయాన మ్యూజియం, వైకింగ్ ఓడల మ్యూజియం, ఈ నాలుగూ ఆ ద్వీపకల్పంలోనే ఉన్నాయని చదివాను. నాలుగింటినీ ఒకే రోజున చూడడం సాధ్యమా, సాధ్యమైనా సమంజసమా అన్నది నా మొదటి సందేహం. నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉంది. నెమ్మదిగా నడవగలరు గాని, ఎక్కువసేపు నిలబడలేరు. పాపకు వైకింగ్ ఓడలు చూడాలని పట్టుదల. మేము శాకాహారులం కనుక మధ్యాహ్న భోజనం సంగతి కూడా తెలిసినవారు చెబితే మేలు. అన్నిటికంటే ముఖ్యంగా, లోపలికి వెళ్లాక ఏది శ్రద్ధగా చూడాలో ముందే తెలిస్తే, అద్దాల పెట్టెల ముందు ఊరికే తిరిగి వచ్చేయకుండా ఉంటామని ఇంత వివరంగా అడుగుతున్నాను.

నీవానది, చిత్తూరు

స్వర్ణముఖి గారికి నమస్కారం. చదువు కోసం ఓస్లోలో కొన్నేళ్లు ఉన్నాను. ఊరి నుంచి ఎవరు వచ్చినా బిగ్‌డోయ్‌కి తీసుకువెళ్లడం నా వంతుగా ఉండేది కాబట్టి, తెలిసినంత వరకు చెబుతాను.

ముందుగా పాపకు నిరాశ కలిగించే సంగతి. వైకింగ్ ఓడల మ్యూజియం 2022 సెప్టెంబరులో మూతపడింది. పాత భవనానికి పెద్ద కొత్త భవనాన్ని జోడించి, వైకింగ్ యుగం మ్యూజియం అనే పేరుతో 2027లో తెరుస్తామని ప్రకటించారు. అందులోని ఓసెబర్గ్ ఓడ సుమారు 820వ సంవత్సరంలో కట్టినది. 834లో ఇద్దరు స్త్రీల మృతదేహాలతో సహా దాన్ని మట్టిదిబ్బ కింద సమాధి చేశారు. 1904లో తవ్వి తీశారు. అంత పాత కొయ్యను కదిలించడమే గండం కనుక పనులు నిదానంగా సాగుతున్నాయి. మీరు వెళ్లేసరికి తెరిచారో లేదో మీ తమ్ముడిని కనుక్కోమనండి. తెరవకపోతే పాపను నగరం మధ్యలో ఉన్న చారిత్రక మ్యూజియంకు తీసుకువెళ్లండి. వైకింగుల కత్తులు, నగలతోపాటు 1943లో యెర్ముండ్‌బు అనే చోట దొరికిన ఇనుప శిరస్త్రాణం అక్కడ ఉంది. వైకింగుల శిరస్త్రాణానికి కొమ్ములు ఉండేవన్న అపోహ దాన్ని చూస్తే పిల్లలకు అక్కడికక్కడే పోతుంది.

ఇక మిగిలిన మూడు మ్యూజియంలూ ద్వీపకల్పం కొసన, బిగ్‌డోయ్‌నెస్ అనే చోట, ఒకదానికొకటి నాలుగు అడుగుల దూరంలోనే ఉన్నాయి. అందువల్ల నాన్నగారికి నడక పెద్దగా ఉండదు. వేసవిలో నగర పాలక భవనం ఎదుట ఉన్న రేవు నుంచి ఫెర్రీ నడుస్తుంది. పావుగంట లోపలే దించుతుంది. సముద్రం మీదుగా వెళ్లి సముద్రయాన మ్యూజియం ముందు దిగడం బాగుంటుంది గనుక వెళ్లేటప్పుడు ఫెర్రీలో, అలసిపోయి వచ్చేటప్పుడు 30వ నంబరు బస్సులో ప్రయాణించమని నా సలహా. ఓస్లో పాస్ తీసుకుంటే మ్యూజియంల ప్రవేశం, నగర రవాణా రెండూ అందులోనే కలిసి ఉంటాయి. 67 ఏళ్లు నిండినవారికి, పిల్లలకు దాని ధర తక్కువ.

భోజనం గురించి దిగులు అక్కరలేదు. నార్వేవాళ్లే మధ్యాహ్నానికి ఇంటి నుంచి రొట్టెముక్కలు కట్టుకుని వెళ్లడం రివాజు. మీరు పులిహోర, పెరుగన్నం కట్టుకుని వెళ్లి ఆ మ్యూజియంల ముందు నీటి ఒడ్డున కూర్చుని తింటే ఎవరూ వింతగా చూడరు. గ్రోన్‌లాండ్ అనే పేటలో పాకిస్తానీ, భారతీయ కిరాణా దుకాణాలు ఉన్నాయి. కరివేపాకుతో సహా దొరుకుతుంది. కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు.

వైకింగ్ మ్యూజియం తెరిచి ఉంటే నాలుగూ ఒకే రోజున చూడడం సాధ్యమే గాని, దయచేసి ఆ పని చేయకండి. ఫ్రామ్ ఒక్కదానికే పూర్తిగా ఒక పూట కావాలి. ఇది నా గట్టి అభిప్రాయం. అక్కడ మీ ఎదుట ఉండేది నమూనా కాదు. ఉత్తరాన, దక్షిణాన అప్పటికి అంత దూరం వెళ్లిన కొయ్య ఓడ వేరొకటి లేదు. ఆ ఓడే అక్కడ ఉంది. దాని చుట్టూనే భవనం కట్టి 1936లో మ్యూజియంగా తెరిచారు. ఓడ చుట్టూ అంతస్తులవారీగా ప్రదర్శనలు ఉంటాయి. పై అంతస్తు నుంచి నేరుగా డెక్ మీదికి అడుగు పెట్టవచ్చు. లోపలి గదులకు దిగే మెట్లు మాత్రం నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. నాన్నగారు డెక్ మీద ఉండిపోయినా నష్టం లేదు గాని, పాపను మాత్రం తప్పకుండా కిందికి పంపండి. ఏళ్ల తరబడి మనుషులు పడుకున్న గదులు ఎంత చిన్నవో ఆ వయసు పిల్లలకే బాగా మనసుకు పడుతుంది.

చంద్రగిరి కోట, తిరుపతి

నీవానది గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, ఫ్రామ్ ఎదుట నిలబడినప్పుడు భూగోళం ఉపాధ్యాయునికి ఏమి కనిపించాలో కొంచెం రాస్తాను. నేను చదివినది వాతావరణ శాస్త్రం. గాదంకి ప్రయోగశాలకు వెళ్లి రాడార్ చూసి వచ్చే మన ప్రాంతపు విద్యార్థులందరూ ఫ్రామ్ కథ తెలుసుకోవాలని నేను మనసారా కోరుకుంటాను.

జెన్నెట్ అనే అమెరికా ఓడ 1881లో సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగిపోయింది. మూడేళ్ల తరువాత దాని శిథిలాలు గ్రీన్‌లాండ్ నైరుతి తీరంలో తేలాయి. అంటే ధ్రువసముద్రపు మంచు ఒకచోట నిలిచి ఉండదు, సైబీరియా వైపు నుంచి గ్రీన్‌లాండ్ వైపు కదులుతూ ఉంటుంది. ఫ్రిట్యోఫ్ నాన్సెన్ అనే యువ శాస్త్రవేత్త దీని నుంచి అప్పటివారికి పిచ్చితనంగా తోచిన ఆలోచన చేశాడు. మంచును తప్పించుకోవడానికి ఓడలన్నీ అవస్థ పడుతుంటే, తాను ఓడను కావాలనే మంచులో ఇరికించి ఆ కదలికతోపాటు ధ్రువం వైపు సాగిపోతానన్నాడు. అయితే మంచు ఒత్తిడికి నలగని ఓడ కావాలి. కోలిన్ ఆర్చర్ అనే నౌకానిర్మాత లార్విక్‌లో కట్టి 1892 అక్టోబరులో నీటిలోకి దించిన ఫ్రామ్ అటువంటి ఓడ.

నాన్నగారిని ఓడ ఎక్కనివ్వక ముందు ఒకసారి కింద నిలబెట్టి, దాని పొట్ట చూడమనండి. పొడవు 39 మీటర్లు, వెడల్పు 11 మీటర్లు. ఓడలలో ఇంత పొట్టి లావు ఆకారం అరుదు. పక్కలు గుండ్రంగా, నున్నగా ఉంటాయి. తడిసిన చింతగింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే జారి పైకి ఎగిరినట్టుగా, మంచు రెండువైపులా నొక్కినప్పుడు ఓడ నలగకుండా పైకి లేవాలన్నది ఆ రూపంలోని కిటుకు. పక్కగోడల మందం 70 సెంటీమీటర్లకు పైమాటే. మంచు రాపిడిని తట్టుకోవడానికి బయటిపొరగా దక్షిణ అమెరికాలో పెరిగే గ్రీన్‌హార్ట్ అనే గట్టి కలపను బిగించారు. చుక్కానిని, ప్రొపెల్లర్‌ను మంచుకు దొరకకుండా ఓడలోకి ఎత్తేసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఈ ఆకారానికి చెల్లించిన మూల్యం ఏమిటంటే, మంచు లేని సముద్రంలో ఫ్రామ్ విపరీతంగా ఊగిపోయేది. అందులో ప్రయాణించినవారు ఈ బాధ గురించి పదేపదే రాసుకున్నారు.

1893 సెప్టెంబరులో మంచులో చిక్కుకున్న ఓడ 1896 ఆగస్టులో బయటపడింది. దాదాపు మూడేళ్లు! వెలుతురు కోసం డెక్ మీద గాలిమర పెట్టి విద్యుత్తు తీశారు. ఓడ ధ్రువం మీదుగా పోదని గ్రహించిన నాన్సెన్, యోహాన్సెన్ అనే సహచరుడితో 1895 మార్చిలో కుక్కల బండ్లతో బయల్దేరి 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరాడు. అప్పటికి మనిషి చేరిన అన్నిటికంటే ఉత్తరపు చోటు అది. ఇద్దరూ ఫ్రాంజ్ జోసెఫ్ దీవులలో రాళ్ల గుడిసెలో ఒక చలికాలం గడిపి ప్రాణాలతో తిరిగి వచ్చారు. ఓడలో ఉన్న పదమూడుగురిలో ఒక్కరు కూడా చనిపోలేదు. ధ్రువయాత్రల చరిత్ర తెలిసినవారికి ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర లేదు.

నాకు అన్నిటికంటే విలువైనది ఆ మూడేళ్లలో వారు చేసిన కొలతలు. ఉత్తర ధ్రువసముద్రం లోతు తక్కువని అప్పటిదాకా అనుకునేవారు. తెచ్చుకున్న తాడు చాలకపోతే ఓడలోని ఉక్కుతాడు పేటలు విప్పి కొత్తది పేని కొలిచి, 3000 మీటర్లకు పైగా లోతు ఉందని తేల్చారు. గాలి వీచే దిశకు సూటిగా కాక, దానికి కుడివైపుకు వాలి మంచు కదులుతోందని నాన్సెన్ గమనించి, భూభ్రమణమే దీనికి కారణమని ఊహించాడు. దాన్ని గణితంలో నిరూపించే పని ఎక్మాన్ అనే స్వీడన్ విద్యార్థికి అప్పగించగా, ఆయన 1905లో ప్రచురించిన సిద్ధాంతం ఈనాటికీ సముద్రశాస్త్రానికి పునాది. నైరుతి రుతుపవనాల కాలంలో కేరళ తీరంలో అడుగు నీరు పైకి వచ్చి చేపలు సమృద్ధిగా పెరగడాన్ని వివరించేటప్పుడు ఇప్పుడు కూడా ఎక్మాన్ పేరే చెబుతాం. కాబట్టి ఆ ఓడ మీద ఉన్న కొలత పరికరాలను తొందరపడి దాటేయవద్దు.

అదే ఆవరణలో యోవా అనే చిన్న ఓడ కూడా ఉంది. దాని పొడవు 21 మీటర్లే. నార్వే అన్వేషకుడు రోఆల్డ్ అముండ్‌సెన్ మరో ఆరుగురితో దానిలో 1903లో బయల్దేరి, కెనడా ఉత్తర దీవుల మధ్య నుంచి పసిఫిక్ చేరే వాయవ్య మార్గాన్ని మొట్టమొదటిసారిగా ఓడలో దాటాడు. దారిలో రెండు చలికాలాలు అక్కడి ఆదివాసులైన ఇన్యూట్ ప్రజల మధ్య గడిపి, చలికి చర్మపు దుస్తులు ఎలా కుట్టుకోవాలో, కుక్కల బండి ఎలా నడపాలో వారి దగ్గర నేర్చుకున్నాడు. 1911 డిసెంబరు 14న ఆయన దక్షిణ ధ్రువం చేరడంలో ఆ విద్య పాలు చాలా పెద్దది. అంటార్కిటికా తీరం దాకా ఆయనను మోసుకుపోయిన ఓడ మళ్లీ ఫ్రామే. అందుచేత ముందు యోవా, తరువాత ఫ్రామ్ పై అంతస్తులో అముండ్‌సెన్ భాగం చూస్తే కథ వరుసగా అర్థమవుతుంది.

కపిలతీర్థం, తిరుపతి

పై ఇద్దరూ ఫ్రామ్ గురించి రాసినది నిజమే అయినా, మిగిలిన రెండు మ్యూజియంలకు అన్యాయం జరుగుతోందని నాకు అనిపిస్తోంది. నేను వాణిజ్య నౌకల్లో ఇంజనీరుగా పనిచేసి తిరుపతిలో స్థిరపడినవాడిని. ఓస్లో రేవులో మా ఓడ ఆగినప్పుడు ఈ మ్యూజియంలు చూశాను.

కోన్‌టికి నిజానికి ఓడ కాదు, తెప్ప. తిరుమల పుష్కరిణిలో తెప్పోత్సవం చూస్తూ పెరిగిన పాపకు ఆ మాట చెబితే చాలు. బాల్సా అనే చాలా తేలికైన కలప దుంగలు తొమ్మిదింటిని నార తాళ్లతో కట్టి, ఒక్క మేకు కూడా కొట్టకుండా తయారుచేసిన ఆ తెప్ప మీద నార్వే అన్వేషకుడు థోర్ హెయర్‌డాల్ మరో ఐదుగురితో 1947 ఏప్రిల్ 28న పెరూ తీరం నుంచి బయల్దేరి, 101 రోజుల్లో దాదాపు 7000 కిలోమీటర్లు ప్రయాణించి పాలినీషియాలోని రారోయియా పగడపు దిబ్బను ఢీకొన్నాడు. మన శేషాచలం ఎర్రచందనం దుంగను నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. ఎండిన బాల్సా బరువు దానిలో ఐదో వంతు కూడా ఉండదు. అయితే బాల్సా నీళ్లు పీల్చుకుని నెలరోజుల్లో మునుగుతుందని, తాళ్లు రాపిడికి తెగిపోతాయని చాలామంది హెచ్చరించారు. పచ్చి దుంగలు వాడడం వల్ల లోపలి రసం సముద్రపు నీటిని అడ్డుకుంది; మెత్తని కలపలోకి తాళ్లు కోసుకుని దిగిపోయి రాపిడికి అందకుండా పోయాయి. మ్యూజియంలో ఉన్నది ఆ అసలు తెప్పే. దాని మీదికి ఎక్కనివ్వరు గాని, కింది అంతస్తుకు దిగితే నీటి అడుగు నుంచి తెప్ప ఎలా కనబడుతుందో చూడవచ్చు. అక్కడ తిమింగల సొరచేప నమూనా కూడా ఉంది. పిల్లలు అక్కడి నుంచి కదలరు.

అయితే ఒక సంగతి నాన్నగారితో తప్పక చర్చించండి. దక్షిణ అమెరికా నుంచే మనుషులు వెళ్లి పాలినీషియాలో స్థిరపడ్డారన్న హెయర్‌డాల్ వాదాన్ని శాస్త్రవేత్తలు అంగీకరించలేదు. భాష, పురావస్తువులు, జన్యువులు అన్నీ ఆ ప్రజలు ఆసియా వైపు నుంచి వెళ్లారనే చెబుతున్నాయి. సుమారు 1200వ సంవత్సరం ప్రాంతంలో రెండు జాతుల మధ్య కొంత కలయిక జరిగిందని మాత్రం 2020లో వెలువడిన జన్యు పరిశోధన చూపింది. ఆ తెప్ప ప్రయాణం నిరూపించినది ప్రయాణం సాధ్యమని మాత్రమే. నా దృష్టిలో దాని విలువ దీనివల్ల తగ్గదు. ఎవరూ నమ్మని పనికి ప్రాణం ఒడ్డి పూనుకోవడం ఒక ఎత్తు, దాని నుంచి తీసిన నిర్ణయం సరైనదా కాదా అన్నది మరో ఎత్తు. ఈ రెండింటినీ విడదీసి చూడడం పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు.

అదే మ్యూజియంలో హెయర్‌డాల్ పాపిరస్ రెల్లుతో కట్టించిన రా-2 పడవ ఉంది. 1970లో అది మొరాకో నుంచి బార్బడోస్ దాకా 57 రోజుల్లో అట్లాంటిక్ దాటింది. భారతీయులు ఆగి చదవవలసినది ఆయన మరో పడవ టైగ్రిస్ గురించి. సింధు నాగరికతకు, మెసొపొటేమియాకు మధ్య సముద్ర వ్యాపారం ఉండేదని మనం పుస్తకాల్లో చదివాం కదా. 1977లో ఇరాక్‌లో రెల్లుతో పడవ కట్టించి, హెయర్‌డాల్ దానిలో బహ్రెయిన్, ఒమన్ మీదుగా సింధు తీరానికి, అక్కడి నుంచి జిబౌటీకి చేరాడు. చుట్టుపక్కల యుద్ధాల వల్ల ముందుకు పోయే దారి లేక, ఆ యుద్ధాలకు నిరసనగా 1978 ఏప్రిల్ 3న పడవను తానే తగులబెట్టాడు. ఆ పడవ లేదు గనుక దాని జ్ఞాపకాలే చూడాలి.

ఇక నార్వే సముద్రయాన మ్యూజియంను ‘సమయం ఉంటే చూద్దాం’ అనే జాబితాలో వేయవద్దని నా విన్నపం. మిగిలిన రెండింటిలో వీరుల కథలు ఉన్నాయి. ఇక్కడ ఓడలు కట్టినవారు, చేపలు పట్టినవారు, సరుకు మోసినవారు ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో నార్వేను జర్మనీ ఆక్రమించినప్పుడు, ప్రవాస ప్రభుత్వం ఆధీనంలోకి వచ్చిన సుమారు వెయ్యి వాణిజ్య నౌకలు మిత్రదేశాలకు చమురు, ఆహారం మోశాయి. ఆ పనిలో వేల మంది నావికులు ప్రాణాలు కోల్పోయారు. తుపాకీ పట్టని ఆ నావికుల స్మారకం మ్యూజియంలకు దగ్గరలోనే నీటి ఒడ్డున ఉంది. ఓడల్లో జీవితం గడిపినవాడిగా దాని ముందు కాసేపు నిలబడమని కోరుతున్నాను.

స్వర్ణముఖి, తిరుపతి

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ఎక్మాన్ సంగతి, టైగ్రిస్ సంగతి ఆయనకు కూడా కొత్తవి. ఇంతకుముందు మనసులో ఉన్న నాలుగు మ్యూజియంల ఆలోచన వదిలేశాం. ఉదయం ఫ్రామ్, మధ్యాహ్నం కోన్‌టికి, చివరన ఓపిక ఉన్నంతవరకు సముద్రయాన మ్యూజియం అనుకుంటున్నాం. కపిలతీర్థం గారు ఏమీ అనుకోకపోతే మరొక ప్రశ్న. భారతదేశానికి ఈ ధ్రువయాత్రలతో నేరుగా సంబంధం ఉన్నట్టు పాపకు చెప్పగలిగేది ఏదైనా ఉందా?

చంద్రగిరి కోట, తిరుపతి

ఉంది. కపిలతీర్థం గారి బదులు నేను చెబుతున్నందుకు మన్నించాలి. మన దేశపు మొదటి అంటార్కిటికా యాత్ర డాక్టర్ ఎస్.జడ్. ఖాసిం నాయకత్వంలో 1981 డిసెంబరులో గోవా నుంచి బయల్దేరి, 1982 జనవరి 9న అక్కడి గడ్డ మీద దిగింది. వారిని తీసుకుపోయిన ‘పోలార్ సర్కిల్’ నార్వే నుంచి అద్దెకు తీసుకున్న ఓడ. ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవులలోని నీ-ఒలెసున్‌లో 2008 నుంచి మన హిమాద్రి పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. 1926లో అముండ్‌సెన్ బృందం ‘నోర్గే’ అనే గాలి ఓడలో ఉత్తర ధ్రువం మీదుగా ఎగరడానికి బయల్దేరినది కూడా ఆ ఊరి నుంచే. ఫ్రామ్ మ్యూజియంలో అముండ్‌సెన్ తరువాతి యాత్రల భాగానికి వచ్చినప్పుడు ఈ రెండు సంగతులూ పాపకు చెప్పండి.

నీవానది, చిత్తూరు

మీరు అనుకున్న వరుస బాగుంది. ఒక్క మార్పు సూచిస్తాను. ఫ్రామ్ నుంచి బయటికి రాగానే కోన్‌టికిలోకి వెళ్లకుండా, ముందు నీటి ఒడ్డున కూర్చుని భోజనం చేసి, నాన్నగారికి కనీసం ఒక గంట విశ్రాంతి ఇవ్వండి. జూన్ చివరన ఓస్లోలో రాత్రి పదిన్నర దాటాక గాని సూర్యుడు అస్తమించడు కనుక వెలుతురు పోతుందన్న తొందర ఉండదు. మ్యూజియంలు మాత్రం సాయంత్రమే మూసేస్తారు కాబట్టి ఉదయం తలుపులు తెరిచే వేళకు ఫ్రామ్ దగ్గర ఉండేలా చూసుకోండి. పర్యాటకుల బస్సులు వచ్చే లోపల డెక్ మీద రద్దీ ఉండదు. ఎండ ఉన్నా సరే అందరికీ ఒక స్వెట్టర్, వాన కోటు సంచిలో పెట్టుకోండి. ఫెర్రీ మీద గాలి చల్లగా ఉంటుంది.